ఇంకా అదేనా?

ఆ షోరూంలో ఆమెను అందరూ ‘ఇంకా మేడం’ అంటారు. ఫ్రిజ్‌ల వరస ఆమెది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఇంట్లో ఇప్పుడేం వాడుతున్నారని అడుగుతుంది. చెప్పగానే కనుబొమలు కాస్త పైకెత్తి, “ఇంకా అదేనా?” అంటుంది. అంతే. అప్పటిదాకా నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువు వాళ్ల మనసులో తుప్పు పట్టిపోతుంది. ముందు మనిషికి నామోషీ అంటగడితే చాలు, వెనకే సరుకు కదులుతుంది. ఈ వ్యాపారాలన్నీ నడిచేది ఇలాగే. దీనికి మర్యాదగా పెట్టుకున్న పేరు కస్టమర్ సేవ.

ఆ మాట నోటికి ఎంతగా అంటుకుపోయిందంటే, సెలవురోజు అక్క ఇంటికి వెళ్లి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీస్తూ కూడా అదే అనేసింది. అక్క నవ్వలేదు. గుడ్డ తెచ్చి ఆ తలుపు తుడవడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే అక్కా బావా షోరూంలో దిగారు.

“ఏంటక్కా, ఇలా వచ్చావు?”

“షాపుకి ఎందుకొస్తారే? రెండు తలుపులది చూపించు.”

“నీది బంగారంలా పనిచేస్తోంది కదా!”

“‘ఇంకా అదేనా?’ అన్నది నువ్వేగా! అప్పట్నుంచీ దాన్ని చూస్తేనే చిన్నతనంగా ఉంది. ఎవరొచ్చినా వంటింటి తలుపు మూసేస్తున్నా.”

“కాఫీ కావాలంటే నేను కూడా తలుపు కొట్టాల్సొస్తోందమ్మా,” అన్నాడు బావ.

కాస్త దూరంలో మేనేజర్ ఇటే చూస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. “అక్కా, అది నా నోటి తీట. కనపడ్డ ప్రతివాళ్లనీ అంటాను. నీకిది అక్కర్లేదు. ఇంటికెళ్లు.”

అక్క ముఖం మాడిపోయింది. “ఊళ్లోవాళ్లందరికీ అమ్ముతావు. మాకు మాత్రం కొనే తాహతు లేదనా?”

“అయ్యో, అది కాదక్కా...”

“నువ్వు పక్కకి జరుగు.” అక్క చెయ్యెత్తి టీవీల వరసాయన్ని పిలిచింది.

మళ్లీ సెలవుకి ఆమె కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. కొత్త ఫ్రిజ్ వంటింట్లో పట్టక హాల్లో నిలబడి ఉంది. అక్క ఇచ్చిన నీళ్లు గటగటా తాగి, “బాగుందక్కా, ఇల్లు నిండుగా ఉంది,” అంది, ఎలాగైనా మాట కలుపుదామని.

అక్క వినడం లేదు. చూపు ఫ్రిజ్ మీదినుంచి కుర్చీల మీదికీ, కుర్చీల మీదినుంచి ఫ్రిజ్ మీదికీ తిరుగుతోంది. ఏళ్ల తరబడి తనదైన కుర్చీలో కూర్చోబోయి, ఆగిపోయింది.

“ఒసేయ్, ఇవి దీని పక్కన వెలిసిపోయినట్టు లేవూ?”

“లేవక్కా. శుభ్రంగా ఉన్నాయి.”

“నాకైతే నిజం చెప్పవులే,” అంటూ అక్క గోడల రంగు వైపు చూసింది.