సీటు కింద ఒదిగిన పక్క

ఆదిలాబాద్ చలికాలంలో టీ మొదటి గుక్కకే వేడిగా ఉంటుంది. రెండో గుక్కకు అదొక జ్ఞాపకం.

కాకినాడ నుంచి మేమిద్దరం, చిన్న ఇల్లుగా మార్చుకున్న వ్యానులో వచ్చాం. అందులో అన్నీ ఉన్నాయి, ముఖ్యంగా స్పాంజి పరుపు. దాన్ని రోడ్డు మీద పెడితేగాని లోపల స్టవ్ వెలిగించలేం.

"దీనికి చోటు దొరక్కపోతే ఇటు నుంచి ఇటే ఇంటికి పోదాం" అంది మా ఆవిడ. ఆవిడ రెండోసారి చెప్పదు.

బొంతైతే మడిచి పెట్టుకోవచ్చని ఎవరో చెబితే, అవి కుట్టే పోశవ్వ దగ్గరికి కొత్త బట్ట కొనుక్కుని వెళ్లాం. ఆమె దాన్ని పక్కకు తోసేసింది.

"గిది ఒంటికి గుచ్చుకుంటది బిడ్డా. ఏండ్లకేండ్లు ఉతికిన చీరలు తే."

కొత్తది ఇస్తే వద్దన్న మనిషిని అప్పుడే చూశాను. మా ఆవిడ నాలుగు పాత చీరలు ఇచ్చింది. నేను నా లుంగీని త్యాగం చేశాను.

నాలుగో రోజుకు బొంత తయారైంది. మడిచి సీటు కిందికి తోస్తే ఇంకా జానెడు జాగా మిగిలింది! ఇంటికి తిరిగిపోయే పని తప్పింది. పరుపు పోశవ్వ అరుగెక్కింది.

ఒకసారి పరిచి చూద్దామని వ్యానులో నడుం వాల్చాను. గంట తర్వాత, రాజ్యం గెలిచినవాడిలా దిగాను. పోశవ్వ మా ఆవిడ వైపు తిరిగింది.

"పక్కకు జాగ దొరికింది గని బిడ్డా, గీయన గురక ఏడ పెడ్తవ్?"