పరగడుపున రమ్మన్నారు

ఆ కమిటీలో నా కుర్చీ ముందు ఒక అట్టముక్క నిలబెట్టేవారు. దాని మీద 'పేషెంట్ల ప్రతినిధి' అని రాసి ఉండేది. నిజానికి నేను పేషెంటును కాను. పేషెంటు నా భర్త, ఆయన అప్పటికే పోయాడు. కామారెడ్డిలో గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. ఏళ్ల తరబడి తలనొప్పి అంటూ నుదుటికి బామ్ రాసుకుని పనిచేసుకున్న మనిషికి, బీపీ ఉందని తెలిసేసరికి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. డయాలసిస్ మీద కొంతకాలం నెట్టుకొచ్చి వెళ్లిపోయాడు. నేను బ్లౌజులు కుట్టుకుంటూ మిగిలాను.

డయాలసిస్ వార్డులో నన్ను చూసిన ఒక డాక్టరమ్మ, 'ఆమె బాగా మాట్లాడుతుంది' అని నా పేరు చెప్పిందట. బాగా మాట్లాడటం అంటే నర్సులతో పోట్లాడటమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బీపీ, షుగరు ఉన్నవాళ్లను కిడ్నీలు పాడవకముందే పట్టుకుని కాపాడగలమా అని ఒక పరిశోధన తలపెట్టారు. కొన్ని ఊళ్లలో నెలనెలా ఒక మనిషి ఇంటికే వచ్చి బీపీ చూసి మందులిస్తాడు. మరికొన్ని ఊళ్లను ఇప్పుడున్నట్టే వదిలేస్తారు. చివరికి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. దీనికి డబ్బిచ్చేవాళ్లు, పథకం వేసేటప్పుడు పేషెంట్ల తరఫున ఒకరు కూర్చోవాలని షరతు పెట్టారు. ఆ షరతే నేను.

హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు వచ్చేవాడు. కామారెడ్డిలో ఒక హోటలు పైఅంతస్తులో ఏసీ వేసి కూర్చోబెట్టేవారు. మధ్యలో ఆయన నా వైపు తిరిగి, "మేడం, మీ అనుభవం చెప్పండి" అనేవాడు. నేను నా భర్త చావు చెప్పేదాన్ని. ఒకమ్మాయి కళ్లు తుడుచుకునేది. "చాలా విలువైన మాట" అనేవాడాయన, తెర మీద తర్వాతి పేజీ పడేది, తర్వాత బిర్యానీ వచ్చేది. నా భర్త చావు వాళ్లకు భోజనానికి ముందు చదివే దువాలా తయారైంది. ఒళ్లు మండేది.

అయినా ఎందుకు వెళ్లానంటే, నా తమ్ముడి కోసం. మా పుట్టిల్లు ఎల్లారెడ్డి దాటాక నిజాంసాగర్ వైపు ఒక ఊళ్లో. తమ్ముడు ఏళ్లకేళ్లు దుబాయిలో లారీ నడిపి, ఆ ఎండలో నీళ్లు కూడా సరిగా తాగక, తిరిగొచ్చి ఒక స్లాబు ఇల్లు, దాని ముందు పెద్ద వరండా వేసుకున్నాడు. ఎప్పుడో ఒకసారి చూపించుకుంటే బీపీ ఎక్కువుందన్నారు. తలనొప్పి లేదు కదా అని గాలికి వదిలేశాడు. నా భర్త నడిచిన దారిలోనే వాడూ నడుస్తున్నాడని నా భయం. ఆ ఊరు ఈ పథకంలో మందులిచ్చే ఊళ్లలో ఉంటే నెలనెలా ఒకరు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని చూస్తారు. నాకు కావలసింది అంతే. చదువుకున్న కోడళ్ల మధ్య మొండి అత్తలా పట్టుబట్టాను. దూరమన్నారు, రోడ్డు బాగోలేదన్నారు. చివరికి, సరే, ముందు అక్కడ ఒక క్యాంపు పెట్టి చూద్దామన్నారు.

క్యాంపు మా తమ్ముడి వరండాలోనే. ముందురోజు ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించారు. పొద్దున్నే పరగడుపున రావాలి, షుగరు పరీక్ష ఉంది, ఏమీ తినొద్దు, తాగొద్దు. జనం తెల్లారగానే వచ్చి కూర్చున్నారు. కూలికి పోవలసిన ఆడవాళ్లు సద్దిమూటలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నేను కామారెడ్డి నుంచి ముందురోజే వచ్చి ఉన్నాను. ఎండెక్కింది కానీ క్యాంపు వాళ్ల కారు జాడలేదు. ఫోను చేస్తే "బయల్దేరాం మేడం" అన్నాడు ఆ పరిశోధన పనులు చూసే కోఆర్డినేటర్ సారు. వెనక టీవీ మోగుతోంది.

గోడకానుకుని కూర్చున్న ఒక ముసలమ్మకు కళ్లు తిరిగాయి. మా మరదలు లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించింది. ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. మా ఇళ్లలో గడప తొక్కి కూర్చున్న మనిషిని ఎండిన నోటితో పంపరు, శత్రువైనా సరే. పెద్ద గిన్నెలో పాల చాయ్ చేసి, మొదట ముసలమ్మకిచ్చింది. ఒకరికిచ్చి పక్కవాళ్లకు ఇవ్వకుండా ఎలా ఉంటుంది? అందరికీ ఇచ్చింది, బిస్కెట్లతో సహా.

"పరీక్ష ఉందంటున్నరు గద బేటీ, తాగొచ్చునా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"మా ఇంటికొచ్చి చాయ్ తాగకుంట పోతే మాకు ఇజ్జతుంటదా బాపూ? తాగుండ్రి" అంది.

నేనూ తాగాను. తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. క్యాంపు వాళ్లొచ్చేసరికి కప్పులు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వచ్చినవాళ్లకూ ఇచ్చింది. రక్తం తీసే టెక్నీషియన్ రెండో కప్పు అడిగి మరీ తాగి, చేతులు తుడుచుకుని సూదులు బయటికి తీశాడు. చాయ్ తాగితే పరీక్ష చెడుతుందని వాళ్లెవరూ అనలేదు.

తమ్ముడి బీపీ చూసిన అమ్మాయి మళ్లీ ఒకసారి చూసింది. మూత్రంలో ముంచిన కాగితం ముక్క ఆకుపచ్చగా మారింది. నాకు ఆ రంగు తెలుసు. నా భర్తకు మొదట చేసిన పరీక్షలోనూ అదే రంగు. కోఆర్డినేటర్ సారు తమ్ముణ్ని పక్కకు పిలిచాడు.

"కొంచెం తేడా ఉంది. కంగారేం లేదు, మీలాంటి వాళ్ల కోసమే ఈ పథకం. మేం పిలిచేదాకా కొత్తగా మందులేవీ మొదలుపెట్టొద్దు. మొదలుపెడితే మిమ్మల్ని తీసుకోవడం కుదరదు. త్వరలోనే పిలుస్తాం."

తమ్ముడు గుండె మీద చెయ్యి పెట్టుకుని మాట ఇచ్చాడు. "జబాన్ ఇస్తున్న సార్. మీరు పిలిచేదాంక ఒక్క గోలీ ముట్ట."

ఆ తర్వాత నెలలు గడిచాయి. మీటింగు ఉందనడం, వాయిదా పడిందనడం. నేను ఫోను చేస్తే "పర్మిషన్లు రావాలి మేడం" అన్నది ఒక్కటే జవాబు. తమ్ముడికి చేస్తే వాడిదీ ఒక్కటే జవాబు.

"కామారెడ్డికి రారా, మంచి డాక్టరుకు చూపిస్త."

"జబాన్ ఇచ్చిన గద ఆపా. నడుమ మందులు మింగితే వాళ్ల పరీక్ష ఖరాబైతదట. మన ఊరి కోసం అంత దూరం నుంచి వచ్చిండ్రు."

"నీ పాణం కంటె వాళ్ల పరీక్ష ఎక్కువనా?"

"గట్లనకు. పిలుస్తమన్నరు. పిలుస్తరు."

తిట్టాను, ఏడ్చాను, ఫోను పెట్టేశాను. వాడు దుబాయిలో సేటు జీతం ఎగ్గొట్టినా ఒప్పుకున్న గడువు పూర్తయ్యేదాకా లారీ దిగని మనిషి. మాట ఇచ్చాక వాడిని కదిలించడం మా అమ్మీ వల్లే కాలేదు, నా వల్ల ఏమవుతుంది?

చివరికి మీటింగు పెట్టారు. తెర మీద ఊళ్ల పేర్లు పడ్డాయి. మా ఊరి పేరు లేదు. సదాశివనగర్ వైపు, హైవే మీది ఊళ్లున్నాయి. ఏసీ కారు నేరుగా గుమ్మం దాకా పోయే ఊళ్లు. మా ఊరేదని అడిగాను.

"అక్కడి శాంపిళ్లు నమ్మదగినవి కావు మేడం" అన్నాడు పెద్ద డాక్టరు, ఎంతో మర్యాదగా. "అందరూ టీ తాగి వచ్చారు. నియమాలు పాటించే అలవాటు అక్కడి జనానికి లేదు. ఆ ఊరు చాలా రోజుల కిందటే తీసేశాం."

"షుగరు పరీక్ష పోతే పోయింది. బీపీ చూశారు కదా, మూత్రం చూశారు కదా?"

"మొత్తం సెట్టు తీసేయాల్సి వస్తుంది మేడం. పద్ధతి అది."

"తీసేసినట్టు వాళ్లకెవరు చెప్పారు?"

ఆయన కోఆర్డినేటర్ సారు వైపు చూశాడు. అతను తన ఫోను వైపు చూశాడు. నేను హాలు బయటికొచ్చి తమ్ముడికి ఫోను చేశాను. మన ఊరు ఎప్పుడో తీసేశారట, ఇకనైనా రారా అని అరిచాను. వాడు నెమ్మదిగా, "కాళ్లు వాసినయి ఆపా, చెప్పులు పడతలేవు" అన్నాడు. మర్నాడు కామారెడ్డిలో డాక్టరు రిపోర్టు చూసి, "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని అడిగాడు.

ఇప్పుడు తమ్ముడూ మరదలూ నా దగ్గరే, కామారెడ్డిలోనే ఉంటున్నారు. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్. నా భర్తను పడుకోబెట్టిన వార్డే. నీళ్లు ఎక్కువ తాగకూడదన్నారు కాబట్టి మరదలు పొద్దున్నే ఒక చిన్న సీసాలో కొలిచి పోసి పెడుతుంది. రోజంతటికీ అంతే. చాయ్ తాగితే అందులోంచే తగ్గించాలి. ఊరందరికీ గిన్నెడు చాయ్ పోసిన చెయ్యి అది. ఆ సీసా మూత బిగించేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడదు.

మొన్న కోఆర్డినేటర్ సారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పరిశోధనలో రెండో దశ వేస్తున్నారట, మళ్లీ కమిటీలో కూర్చోమని అడిగాడు. తమ్ముణ్ని గుర్తుపట్టాడు, ముఖం కాస్త వాడింది, అయినా వచ్చిన పని మరిచిపోలేదు.

"ఇప్పుడు మీకు రెండు అనుభవాలున్నాయి కదా మేడం. మీ మాటకు ఇంకా విలువుంటుంది."

ఈలోగా మరదలు చాయ్ తెచ్చి అతని ముందు పెట్టింది. గడప తొక్కిన మనిషి కదా. అతను కప్పు తీసుకుని తాగుతుంటే, మంచం మీదున్న తమ్ముడు ఆ కప్పునే చూశాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. వాడి గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను, లేదు.

"సార్, మీరు పిలిచేదాంక కొత్త మందులు మొదలుపెట్టొద్దన్నరు. నేను జబాన్ ఇచ్చిన. మీరు మళ్ల ఏం చెప్పకపోతిరి. డాక్టరు రాసిండని ఇప్పుడు మింగుతున్న. తప్పేం లేదు గద సార్?"

అతను కప్పు కింద పెట్టాడు. మరదలు అలవాటు కొద్దీ, ఇంకొంచెం పొయ్యనా అని అడిగింది.