చేతగాని ఎక్కం

నా చిన్నప్పుడు బడిల లెక్కల గంట కొట్టిందంటె పోయి వెనక వరుసల కూసునేదాన్ని. మూడో తరగతి ఒకసారి తప్పిన. బలపం చేతుల నిలిచేది కాదు, నాలుగో ఎక్కం అడిగితె ఎనిమిది కాడ్నే ఆగిపోయేదాన్ని. "ఈ పిల్లకు లెక్కలు చేతగావు" అని సార్ మా బాపుతోని అన్నడు. ఈసారి గూడ తప్పితె బడి మాన్పిస్త, తమ్ముని చూసుకుంట ఇంట్లనే ఉంటదన్నడు బాపు. కోపంతోని అన్లేదు, అలసిపోయి అన్నడు. నాకు గదే ఎక్కువ భయమైంది. తెలుగు వాచకమంటె నాకు పానం మరి.

మా పాతబస్తీ గల్లీల పక్కింటి అక్క షాదీలకు పూలు కట్టి ఇచ్చేది. నా బిక్కమొగం చూసి సంగతడిగింది. చెప్తె నవ్వింది.

"చేతగాదన్నడా? అయితె చేతికే నేర్పుదాం తియ్యి."

దారం కొస నా కాలి బొటనవేలికి కట్టింది. ఇటు రెండు మల్లెలు, అటు రెండు, ఒక ముడి. ముడి బిగించి గుంజినప్పుడల్లా నాలుగు, ఎనిమిది, పన్నెండు అని పైకి చెప్పాలె. మొదట్ల తొడిమలు తెగి పూలన్ని ఒడిలనే రాలినయి. అక్క తిట్టలె. పరీక్ష దగ్గరపడ్తుంటె గీ పూలేంది అని నాకు మస్తు ఫికరుండేది. రోజులు పోంగ పోంగ వేళ్లు దారిల పడ్డయి, బలపం గూడ నిలిచింది.

పరీక్షనాడు సార్ నన్ను నిలబెట్టి "నాలుగార్లెంత?" అన్నడు. నాకు తెల్వకుండనే వేళ్లు గాలిల ముడులేస్తున్నయి.

"వేళ్లు లెక్కపెడుతున్నవా? చేతులు కట్టుకో."

కట్టుకున్న. అంతే, తలకాయల ఏమీ లేదు. బాపు ముఖమే కండ్లల్ల తిరిగింది. అప్పుడు కాలి బొటనవేలు ఎవరో గుంజినట్టయింది. ముడికొక గుంజుడు. సార్ చేతులు చూసిండు గని కాళ్లు చూడలె. ఇరవై నాలుగన్న. మళ్ల నాలుగు తొమ్మిదులడిగిండు. ముప్పై ఆరన్న.

బడి మాన్లేదు. ఇప్పుడు అరవై దాటినయి, కూరగాయల బండికాడ లెక్క జేస్తె చెప్పుల నా బొటనవేలు ఇంకా కదుల్తది. మొన్న మా మనుమరాలు లెక్కల పుస్తకం మూసి "నాకు చేతగాదు అమ్మమ్మా" అన్నది. దారం ఉండ తెచ్చి, దాని కాలు నా ఒడిల పెట్టుకున్న.