సీసెడు కిరోసిన్ ధర

మా మోటరు వనపర్తి నుంచి రైలు స్టేషనుకు రోజుకు రెండుసార్లు పోయి వచ్చేది. యుద్ధానికి ముందు మనిషికి నాలుగణాలు తీసుకునేవాళ్ళం. నిజాం లెక్కలో 1350 ఫసలీ, అంటే ఇంగ్లీషు 1941లో, ఆరణాలు చేశాం. 1352లో ఎనిమిదణాలు. అన్నీ నిజాం సర్కారు హాలీ అణాలే. ఈ మూడు అంకెలూ నేను వేసినవే. మా ఆయనకు మోటరు నడపడం, విప్పడం, బిగించడం వచ్చు. కూడికలు రావు. నేను గద్వాలలో నాలుగో తరగతి దాకా చదివి కాపురానికి వచ్చినదాన్ని. ఈ సంగతి జరిగేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు.

పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. కూపన్లు ఉన్నా ఒక్కో నెల డబ్బా దొరికేది కాదు, దొరికిన నెల ధర పెరిగి ఉండేది. అందుకని అందరిలాగే మేమూ మోటరు వెనక ఒక ఇనుప డ్రమ్ము బిగించాం. అందులో బొగ్గులు కాలిస్తే వచ్చే గాలితో ఇంజను నడిచేది. కానీ మొదట కదలడానికీ, స్టేషనుకు మైలున్నర ఇవతల ఉన్న గుట్ట ఎక్కడానికీ పెట్రోలే కావాలి. ఆ రెండింటికీ కలిపి ఒక్కో ట్రిప్పుకు రెండు సోలల పెట్రోలు సీసాలో పోసి ఇవ్వడం నా పని. మా ఆయన చేతికి డబ్బా ఇస్తే కొలత లేకుండా పోసేవాడు.

కిరాయి దగ్గర ప్రతిరోజూ గొడవే. ఒకసారి నేను పుట్టింటికి పోతూ మోటరులోనే ఉన్నాను. బట్టల వ్యాపారి ఒకాయన ఆరణాలే ఇచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"పెట్రోలు పిరమైందంటే సరే. మీరు బొగ్గుల మీద నడిపిస్తుండ్రు. బొగ్గులకు గూడ ఎనిమిదణాలా?"

"అయినా మోటరా ఇది? నాలుగు చక్రాల కుంపటి. రొట్టెలు కాల్చుకోవచ్చు" అన్నాడు పక్కాయన.

"కాల్చుకో మామా. దానికి వేరే అణా" అన్నాడు మా ఆయన, ముందుకే చూస్తూ.

నేను ఊరుకోలేదు. బొగ్గులు బల్మూరు అడవి దిక్కు నుంచి బండ్ల మీద రావాలని, బండి కిరాయి ఇంత, డ్రమ్ము ఖర్చు ఇంత, టైర్లు ఇంత అని చెప్పుకుంటూ పోయాను. వ్యాపారి విసుక్కున్నాడు. "నీతోని మాట్లాడలేనమ్మా. ఇగో, ఇంకో రెండణాలు. తీస్కో, నోరు ముయ్యి."

అప్పుడు నాకొకటి అర్థమైంది. మొదటిసారి మోటరు ఎక్కినప్పుడు ఎవరు ఎంత ఇచ్చారో వాళ్ళకు అదే న్యాయమైన ధర. ఆ పైన ఇచ్చేదంతా దోపిడీ కిందే లెక్క. నేను అలాంటిదాన్ని కాననీ, నాది కాగితం మీద తేలిన న్యాయమనీ అనుకునేదాన్ని.

మా సందు చివర, అందరం చాచీ అని పిలిచే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. భర్త పోయాక రవికలు కుట్టి కొడుకును పెంచింది. ఆ పిల్లవాడు మా ఆయన దగ్గరే మోటరు నేర్చుకుని, మిలిటరీలో లారీ నడపడానికి చేరిపోయాడు. 1352 అమర్దాద్ నెలలో, మొదటి వానలు పడుతున్న వారంలో, అతని దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. ఉర్దూలో ఉంటే మా ఆయన చదివిపెట్టాడు. తమను మద్రాసు దిక్కు పంపుతున్నారు, గురువారం మధ్యాహ్నం నాలుగింటికి బండి మన స్టేషన్‌లో ఆగుతుంది, వీలైతే రా అమ్మీ, మద్రాసు నుంచి ఓడ ఎక్కిస్తారని అంటున్నారు, ఎక్కడికో తెల్వదు.

చాచీ అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు మా ఇంటికి వచ్చేది.

"గురువారం మీ మోటరు తప్పకుండ పోతది గదా బిడ్డా?"

"పోతది చాచీ."

"వానొస్తే?"

"వానొచ్చినా పోతది."

"రైలెంతసేపు ఆగుతది?"

"నాలుగు నిమిషాలు."

ఆమె తలూపి పోయేది. మళ్ళీ సాయంత్రం వచ్చి అవే మాటలు అడిగేది. ఆడమనిషి ఒక్కతే ఎలా పోతుందని నేనూ తోడు వస్తానన్నాను. ఆమె దగ్గర కిరాయి తీసుకోవద్దని మా ఆయన అన్నాడు. ఒకరికి వదిలితే సందంతా వదలాల్సి వస్తుందని నేను ఎనిమిదణాలు తీసుకున్నాను. ఆమె బేరమాడకుండా ఇచ్చింది.

ఆ వారంలోనే ఇంట్లో మరో సంగతి జరిగింది. పెట్రోలు కొలిచే ఇత్తడి సోల మా అత్తది. ఎంత కడిగినా ఒకరోజు అందులో బియ్యం కొలిస్తే వాసన వచ్చింది. అత్త కంచం ముందు నుంచి లేచింది.

"అన్నంల పెట్రోలు వాసన! మీ ఇద్దరు మోటరు తింటుండ్రా, అన్నం తింటుండ్రా? నా సోల నాకియ్యి."

ఇచ్చేశాను. నా పెట్టె అడుగున గద్వాల నుంచి తెచ్చుకున్న సోల ఒకటి ఉంది. ఆ రోజు నుంచి దానితో రెండు సోలలు కొలిచి ఇవ్వడం మొదలుపెట్టాను. మూడోరోజు మా ఆయన, "ఇయ్యాల జర తక్కువైనట్టుంది, గుట్ట మీద గుంజింది" అన్నాడు. నేనే కొలిచాను కదా, నీ నడపడమే సరిగా లేదన్నాను. డబ్బా అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు వస్తోందని లోపల సంతోషపడ్డాను కూడా. ఏ సంస్థానం కొలత ఆ సంస్థానానిదేనని, గద్వాల సోల వనపర్తి సోల ఒకటి కావని, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

గురువారం పొద్దున్నుంచి సన్నగా వాన. బొగ్గుల బస్తాలు తడిశాయి. రెండింటికి బయలుదేరాల్సిన మోటరుకు నిప్పే అంటుకోలేదు. నేను కొంగు నడుముకు దోపి డ్రమ్ములోకి గాలి ఊదే చేతి పంకా తిప్పుతూ కూర్చున్నాను. చాచీ అప్పటికే సీట్లో ఉంది. ఒళ్ళో గుడ్డమూట. నెయ్యి రాసిన తీపి రొట్టెలు పన్నెండు చేశానని, తోటివాళ్ళకు కూడా పెట్టుకుంటాడని చెప్పింది. పక్కన స్టేషను దగ్గరి పల్లెకు పోయే రైతు ఇల్లాలు ఒకామె కూర్చుంది. ఆమె కాళ్ళ మధ్య మూతకు గుడ్డ చుట్టిన సీసా ఉంది. రేషను కిరోసిన్, నెలకు అదొక్కటే. మిగిలినవాళ్ళు ఆరుగురు మగవాళ్ళు.

బయలుదేరేసరికి మా ఆయన జేబు గడియారంలో రెండూ యాభై. ఎప్పుడూ పట్టేది గంట. మూడూ యాభైకి చేరాలి. నేను మనసులో ఆ పది నిమిషాలనే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాను. తడి బొగ్గు సరిగా గాలి ఇవ్వలేదు. మా ఆయన మధ్యమధ్య పెట్రోలు మీదికి తిప్పాడు. మోటరు దగ్గినప్పుడల్లా మూట మీది చాచీ వేళ్ళు బిగిసేవి.

గుట్ట సగం ఎక్కి మోటరు ఆగిపోయింది.

మా ఆయన దిగి సీసా ఎత్తి చూశాడు. చుక్క లేదు.

"రెండు సోలలు నిండ పోసినవా?"

"నిండ పోసిన."

"మరి ఏడికి పోయింది?"

"నన్నడుగుతవేంది? తాగింది నీ మోటరు."

ఆరుగురు మగవాళ్ళూ దిగి తోశారు. బురదలో కాళ్ళు జారాయి గాని చక్రం కదల్లేదు. బట్టల వ్యాపారి కూడా అందులో ఉన్నాడు. "ఎనిమిదణాలు ఇచ్చి తోసుడు గూడ మేమే" అన్నాడు గాని చేయి తీయలేదు. గడియారంలో మూడూ నలభై ఎనిమిది.

అప్పుడు మా ఆయన కళ్ళు కిరోసిన్ సీసా మీద పడ్డాయి. "ఇంజను మంచి వేడి మీదున్నది. గాసునూనె పోస్తే గుట్ట ఎక్కుతది. అక్కా, ఆ సీసా నాకియ్యి, పైసలిస్త."

ఆమె సీసాను రెండు చేతులా పట్టుకుంది. "ఎంతిస్తవు?"

పైసల సంచి నా దగ్గర ఉంది. రేషను దుకాణంలో ఆ సీసా ధర ఎంతో నాకు తెలుసు. అయిదణాలు. "ఎనిమిదణాలు ఇస్త" అన్నాను.

"రూపాయి."

"రూపాయా! అయిదణాల సరుక్కు రూపాయి ఏ లెక్కనక్కా?"

"నీ లెక్క నాకు తెల్వదు. నెలంత చీకట్ల కూసునేది నేను, నువ్వు గాదు."

"పదణాలు."

"రూపాయి."

"ఇచ్చెయ్యే!" అన్నాడు మా ఆయన.

"జర ఆగు. అక్కా, ఇదే మాట మేము నీ కిరాయి దగ్గర అంటే ఊకుంటవా? మాకు పెరిగినంతే మేము పెంచినం. పన్నెండణాలు తీస్కో, న్యాయంగ."

"ఎనిమిదణాలు తీసుకున్ననాడు నీ న్యాయం ఏడున్నది? చెప్పిన గదా, రూపాయి."

"పదమూడు."

దూరంగా మహబూబ్‌నగర్ దిక్కు నుంచి రైలు కూత వినబడింది.

చాచీ కొంగు ముడి విప్పింది. అందులోంచి ఒక రూపాయి తీసి ఆ ఇల్లాలి చేతిలో పెట్టింది. కొడుక్కు ఇవ్వడానికి తెచ్చుకున్నదని నాకు తర్వాత తెలిసింది. ఆ ఇల్లాలు సీసా ఇచ్చేసి ముఖం అటు తిప్పుకుంది.

ఇంజను నల్లటి పొగ కక్కుతూ, కొట్టుకుంటూ గుట్ట ఎక్కింది. అవతల దిగుడు. మా ఆయన అంత వేగంగా నడపడం నేను మళ్ళీ చూడలేదు. స్టేషను ముందు మోటరు పూర్తిగా ఆగకముందే చాచీ దిగింది. మేము ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి కదిలింది.

కిటికీల నిండా ఖాకీ చొక్కాలు, గుండు తలలు, చేతులు. చాచీ మూట ఎత్తి పట్టుకుని పక్కనే పరుగెత్తింది. నాలుగో పెట్టెలోనో అయిదో పెట్టెలోనో ఒకతను సగం బయటికి వంగి "అమ్మీ!" అని అరిచాడు. చేయి చాచాడు. మూటకూ ఆ చేతికీ మధ్య నాలుగు మూరల దూరం ఉంటుంది. ప్లాట్‌ఫారం అయిపోయింది.

చాచీ పట్టాల పక్కన రాళ్ళ దాకా పోయి ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, "చూసిన బిడ్డా. మొకం చూసిన. బక్కగైండు" అంది.

స్టేషను దగ్గర ఇంకో మోటరు వాళ్ళనడిగి పెట్రోలు పోయించుకున్నాం; తిరిగి వచ్చేటప్పుడు మోటరులో ఉన్నవాళ్ళందరికీ తలా ఒక రొట్టె పెట్టింది. నాకూ ఇచ్చింది. నేను రూపాయి తీసి ఆమె చేతిలో పెట్టబోతే చేయి మూసుకుంది. "నీ మొగడు తెచ్చిండు గదా నన్ను. ఉంచు." కిరాయి ఎనిమిదణాలు కూడా తిరిగి తీసుకోలేదు.

ఆ రాత్రే రెండు సోలలు ఎదురెదురుగా పెట్టి నీళ్ళు పోసి చూశాను. నా సోల నిండిన నీళ్ళు అత్త సోలలో పోస్తే పైన వేలి మందం ఖాళీ. కొలిచాను. దాదాపు గిద్దెడు, అంటే సోలలో నాలుగో వంతు, తక్కువ. రెండు సోలలకు రెండు గిద్దెలు. ఆ రెండు గిద్దెలు ఉండి ఉంటే గుట్ట ఎక్కడానికి సరిపోయేది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గడియారం ముందు కూర్చున్నాను. ఎనిమిదణాల నుంచి పదమూడణాల దాకా ఆ రోజు మేమన్న మాటలన్నీ, నావీ ఆమెవీ, అదే నిదానంతో అనుకున్నాను. రెండు నిమిషాలు పట్టింది. రెండోసారి అనుకుంటే రెండు నిమిషాలకు కొంచెం ఎక్కువే వచ్చింది. రైలు ఆగేది నాలుగు నిమిషాలు, అందులో సగం నా బేరానికే పోయింది. నా పదమూడణాలకూ ఆమె పదహారణాల రూపాయికీ మధ్య మిగిలింది మూడణాలు.

తర్వాతి యేడు చలికాలంలో చాచీ జ్వరంతో పోయింది. ఎనిమిది రోజులు దవాఖానలో ఉంది. కొడుక్కు కబురు ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియలేదు.

అతను 1355లో తిరిగి వచ్చాడు. అప్పటికి మేము మోటరు అమ్మేశాం. మా అరుగు మీద కూర్చుని, చాయ్ తాగుతూ చాలాసేపు ఊరి సంగతులే మాట్లాడాడు. చివరికి అడిగాడు.

"ఆ రోజు జల్ది వస్తరనుకున్న అక్కా. మొదటి నిమిషం నుంచి గేటు దిక్కే చూస్తున్న. ఎందుకు లేటయింది?"

నేను లోపలికి పోయి గద్వాల సోల తెచ్చి చూపించాను. సంగతంతా చెప్పాను, అత్త అన్నంలో వాసన వచ్చిందన్న దగ్గర్నుంచి. అతను మోటరు తెలిసినవాడు. దాన్ని చేతిలో తిప్పి చూసి నవ్వాడు. "చిన్నగున్నది. గుట్టకు చాలదు గిది. నువ్వేం చేస్తవక్కా, కొలత తేడా."

అవునన్నాను. తడి బొగ్గు సంగతి చెప్పాను. పంకా తిప్పిన సంగతి చెప్పాను. కిరోసిన్ పోసి గుట్ట ఎక్కించామని కూడా చెప్పాను. ఆ సీసా ఎంతకు కొన్నామని అతను అడగలేదు. నేను చెప్పలేదు.