గేటు లేని ఇంటికి వస్తామరి గారు

మా పిన్ని పెళ్ళి చేసుకోలేదు, బట్టలు కుడుతుంది. ఆవిడ మిషన్ బాగుచేసే మెకానిక్‌కి మా ఇంట్లో పేరు ‘వస్తామరి గారు’. కుర్చీలోంచి లేస్తూ ఒకసారి, చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి, గేటు పట్టుకుని ఒకసారి “వస్తా మరి” అంటాడు. అని అక్కడే ఉంటాడు. కూర్చున్నంతసేపూ మిషన్ సంగతి తప్ప నోరు విప్పడు. మనసులో మాటలన్నీ గేటు దగ్గరే. వాళ్ళమ్మ పోయిన కబురు కూడా అక్కడే చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. పిన్నేం తక్కువ తినలేదు. “మంచిదండీ, జాగ్రత్త” అంటూనే ఇంకో కబురు అందిస్తుంది. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగితే తుడుచుకునేది నేను.

ఇంటాయన ఖాళీ చేయమంటే నాలుగో అంతస్తుకి మారాం. గేటు లేదు. తలుపు తీస్తే లిఫ్టే.

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కాతో దిగాడు. మిషన్‌కి ఏ రోగమూ లేదు. పిన్ని మంచినీళ్ళకి లోపలికెళ్ళగానే నా చెవి దగ్గరికి వంగాడు.

“మా అక్క నాకేదో సంబంధం ఖాయం చేసేస్తానంటోంది. సాయంత్రంలోగా మీ పిన్నిని అడగాలమ్మా.”

“అడగండి. ఎదురుగానే కూర్చుంటుందిగా.”

“ఇక్కడా? కూర్చునా?” బెదిరిపోయాడు.

మిషన్‌కి నూనె వేశాడు, లేచాడు, “వస్తా మరి” అన్నాడు. లిఫ్టు ముందు “ఒక్క మాటండీ...” అనేలోగా తలుపు తెరుచుకుంది. లోపలున్న పెద్దాయన “రండి, రండి, చోటుంది” అని చెయ్యి పట్టి లాగేశాడు. వస్తామరి గారు రొప్పుతూ మెట్లెక్కొచ్చి స్క్రూడ్రైవర్ మర్చిపోయానన్నాడు. మళ్ళీ “వస్తా మరి”, మళ్ళీ లిఫ్టు, లోపల పరుపు మోస్తున్న ఇద్దరు. ఈసారి నూనె డబ్బా మర్చిపోయాడట. నాకు ఒళ్ళు మండింది. పాపం, చెమటకి ఆ ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దవడం చూసి జాలీ వేసింది.

మూడోసారికి పిన్ని చెప్పులేసుకుంది.

“పదండి, కిందిదాకా నేనూ వస్తా. ఇలా మెట్లెక్కితే గుండె ఆగి చస్తారు.”

సందు చూసుకుని నేనూ లిఫ్టులో దూరాను. మూడో అంతస్తు దాటింది. రెండోదీ దాటింది. ఆయన చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు.

“ఆ గుండీ ఊడితే కుట్టాల్సింది నేనే. చెప్పండి” అంది పిన్ని.

“నన్ను... చేసుకుంటారా?”

లిఫ్టు ఆగింది. బయట కూరగాయల సంచులతో నలుగురున్నారు. “దిగండమ్మా” అన్నారు.

పిన్ని దిగలేదు. నాలుగో నంబరు నొక్కింది.

“పైకి పదండి. ముందు మీ అక్కయ్యకి ఫోన్ చేసి ఆ సంబంధం వద్దని చెప్పండి.”