కింది ఇంటి పెద్దామె, పార్సిల్ పన్ను

మా కింది వాటాలో ఉండే పెద్దామె పోయింది. ఆ సంగతి ముందుగా ఆమె పోస్టు డబ్బా చెప్పింది. ఊరి సమాచార పత్రిక వచ్చిందంటే అందరికన్నా ముందు తీసుకుని, అక్కడే గోడకు ఆనుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చదివే మనిషి. ఆ వారం పత్రిక సాయంత్రమైనా డబ్బాలోంచి సగం బయటికి వేలాడుతూనే ఉంది. మర్నాడు ఆమె అక్క కొడుకు మెట్లెక్కి వచ్చి, ఆసుపత్రిలో నిద్రలోనే పోయిందని చెప్పాడు.

నేను రాసే మనిషిని కాను. చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాత నేను రాసింది రామకోటి ఒక్కటే. డార్మ్‌స్టాట్‌లో శనివారం భజనకు వచ్చే మీలో కొందరు నా గొంతు కూడా సరిగా విని ఉండరు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒక మాట. సమాధుల తోట నుంచి వచ్చాక అందరికీ కాఫీ, కేకు పెట్టారు. ఇక్కడి ఆచారం అది. కేకు మా వీధి బేకరీ ఆయనే తెచ్చాడు. ముక్కలు కోస్తూ పక్కనున్న ఆయనతో అన్నాడు: "ఇక మన మాటలు రాత్‌హౌస్‌కు చేరవులే." ఇద్దరూ నవ్వారు. రాత్‌హౌస్ అంటే మన మునిసిపల్ ఆఫీసు. నాకు వచ్చింది అంగడి జర్మనే అయినా ఆ మాట అర్థమైంది. చేతిలో పళ్లెం పెట్టుకుని ఏమీ అనలేకపోయాను. అందుకే ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను.

ఆమె పని చేసినన్నాళ్లూ ఆ రాత్‌హౌస్‌లోనే, పన్నుల విభాగం కిటికీ వెనక కూర్చుంది. రిటైరై చాలా ఏళ్లయినా వీధికి ఆమె ఇంకా కిటికీ వెనక మనిషే. అలా అనుకోవడానికి ఆమె అలవాట్లూ తోడయ్యాయి. మెట్ల మీద ఎవరు నడిచినా ఆమె కిటికీ తెర కదిలేది. చెత్త డబ్బా మూత ఎత్తి, ఎవరు దేంట్లో ఏం వేశారో చూసేది. కూరగాయల కొట్లో త్రాసు మీద ముందు తన పర్సు పెట్టి, ముల్లు కదిలిందో లేదో చూసి, ఆ తర్వాతే బంగాళాదుంపలు పెట్టేది. ఇన్నేళ్ల పరిచయంలో నన్ను ఒక్కసారి కూడా 'నువ్వు' అనలేదు. 'మీరు' అంటేనే మనుషులు జాగ్రత్తగా మాట్లాడతారని ఆమె నమ్మకం.

స్టేషన్ దగ్గర మాది చిన్న భోజనం కౌంటర్. మధ్యాహ్నం పప్పు, పులిహోర, సాంబారన్నం. రైలుకు పరుగెత్తే పిల్లలు, ఆఫీసు వాళ్లు పార్సిల్ కట్టించుకుపోతారు. ప్రతి గురువారం ఆమె తన క్యారియర్ పట్టుకుని వచ్చేది. పైన కమ్మీ ఉన్న నీలం ఎనామిల్ గిన్నె. వాళ్ల నాన్న ఫ్యాక్టరీకి అన్నం పట్టుకెళ్లిన గిన్నెట. వరసలో నిలబడి మా డబ్బాల దొంతరలను, మా చేతులను, వెనక వంటింటిని అన్నీ చూసేది.

"గామె ఊకెనే వస్తదా? రాత్‌హౌస్ మనిషి. కండ్లు జూడు, డబ్బాల మీదనే ఉన్నయి," అనేవాడు మా ఆయన.

"అన్నం కోసం వస్తది," అనేదాన్ని.

"అన్నం కోసమైతే అన్నం దిక్కు జూడాలె."

ఆయన అనుమానం నాకూ కొంచెం అంటింది. డబ్బాల సంగతి అలాంటిది. పార్సిల్ ఇచ్చే ప్రతి డబ్బా మీద మా ఊరు పన్ను వేస్తుంది. మనవాళ్లం దాన్ని పార్సిల్ పన్ను అంటాం. తినేవాళ్లు సొంత గిన్నె తెచ్చుకుంటే పన్ను లేదు.

ఇక్కడే నాకో చిక్కు. పొద్దున వండింది ముందు దేవుడికి పెట్టి, తర్వాతే కౌంటర్ తెరుస్తాను. ఎవరి ఇంటి గిన్నెకో తగిలిన గరిటె తిరిగి నా పప్పులోకి వెళ్తే ఆ పప్పంతా ఎంగిలి. అందుకని ఆమె క్యారియర్‌కు గరిటె తగలకుండా జానెడు ఎత్తునుంచి పోసేదాన్ని. ఒక గురువారం ఆమె గిన్నె వెనక్కి లాక్కుంది.

"నా గిన్నె మురికిగా ఉందా?"

వరసలో అందరూ చూస్తున్నారు. మా ఆయన "మాఫ్ చెయ్‌మను," అని గొణిగాడు. నేను వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. మురికి కాదమ్మా, నోటి దగ్గరికి వెళ్లే గిన్నెకు తాకిన గరిటె మళ్లీ అందరి గిన్నెలోకి వెళ్లకూడదు, దేవుడికి పెట్టిన అన్నం, అని.

"మా అమ్మ కూడా అంతే. నాకిన చెంచా జామ్ సీసాలో పెడితే చేతి మీద కొట్టేది," అంది. తర్వాత గిన్నెను తనే ఇంకొంచెం కిందికి దించి పట్టుకుంది. "ఇంకా ఎత్తునుంచి పొయ్యండి. నేను వంకర లేకుండా పట్టుకుంటాను."

వెళ్తూ వెళ్తూ వేలు ఆడించింది. "అనుమానం వస్తే నేను అడుగుతాను. మీరూ అడగండి. అనుమానాన్ని ఇంట్లో పెట్టుకుంటే పులుస్తుంది."

పోయిన వసంతంలో ఆ పన్ను రెట్టింపు చేస్తారన్న కబురు పత్రికలో వచ్చింది. ముందుగా చదివింది ఆమే. మా తలుపు కొట్టి, పత్రిక అడుగున సన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. "పైన పూల ప్రదర్శన ఫోటో పెద్దది వేశారు. ఫోటో పెద్దదైతే కింద ఏదో ఉన్నట్టే."

వీధిలో తిండి అమ్మేవాళ్లందరం బేకరీ వెనక గదిలో కూడాం. ఆమె కూడా వచ్చి కూర్చుంది.

"మీరెందుకు వచ్చారు?" బేకరీ ఆయన అడిగాడు.

"రొట్టె కొంటాను కాబట్టి. మీరు పన్ను కడతారని ఎవరన్నారు? కట్టేది నేను."

కౌన్సిల్ సమావేశమయ్యే రోజు మధ్యాహ్నం అందరం కొట్లు మూసి, ఖాళీ డబ్బాలు దండలుగా కట్టి మెడలో వేసుకుని రాత్‌హౌస్ మెట్ల ముందు నిలబడాలని అనుకున్నాం. ముందుగా ఎవరికీ తెలియనివ్వకూడదని బేకరీ ఆయన మరీ మరీ చెప్పాడు.

"ఆఫీసులో చెప్పరా?" అంది ఆమె.

"చెబితే ఆపుతారు."

ఆమె ఇంకేమీ అనలేదు. అదే అందరికీ అనుమానమైంది.

అనుకున్న రోజుకు కాస్త ముందు, ఊరి భద్రత చూసే ఆఫీసులోంచి ఆమె బయటికి రావడం బేకరీ ఆయన కంటపడింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. మా ఆయన కౌంటర్ తుడుస్తూ, "నేను ముందుగాలనే అనలే?" అన్నాడు. ఆయన గొంతులో గెలిచానన్న సంతోషం లేదు, భయం ఉంది. మా రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకోవాల్సిన ఏడాది అది. మన పేర్లు ఏదైనా గొడవలో రాసుకుంటే కొట్టు సంగతి అటుంచి, ఈ ఊళ్లోనే ఉండనిస్తారో లేదో. "పోవద్దు," అన్నాడు. కాసేపటికి, "పోకుంటే రేపు ఎవ్వరి మొఖం జూస్తం?" అన్నాడు. ఆమెను అడుగుదామని రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చాను.

ఆ మధ్యాహ్నం అందరం వెళ్లాం. మెడలో డబ్బాల దండతో మా ఆయన పెళ్లికొడుకులా ఉన్నాడని ఎవరో అన్నారు. యూనిఫాం వేసుకున్న ఒకాయన నేరుగా మా దగ్గరికి వచ్చి అడిగాడు: "ఈ సభకు బాధ్యులు ఎవరు?"

బేకరీ ఆయన బూట్లు చూసుకున్నాడు. మా ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

వెనకనుంచి నీలం క్యారియర్ పైకి లేచింది. "నేను."

మూత తీసి, అందులోంచి మడత కాగితం తీసి ఆయనకు ఇచ్చింది. నలుగురు కూడి బయట నిలబడాలంటే ఈ దేశంలో ముందుగా ఆఫీసులో చెప్పి, బాధ్యత తీసుకునే మనిషి పేరు రాయించాలి. అన్‌మెల్డుంగ్ అంటారు దాన్ని. ఆమె వెళ్లింది అందుకే. రాయించింది తన పేరు. యూనిఫాం ఆయన చదివి, తల ఊపి, పక్కకు వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని ఎవరి పేరూ అడగలేదు.

"ఈ దేశంల కోపం రావాలన్నా అన్‌మెల్డుంగ్ జేయించుకోవాలెనే," అన్నాడు మా ఆయన. అప్పుడే ఆయన చెయ్యి వెచ్చబడింది.

అయితే కాగితంలో మాకు మెట్ల ముందు చోటు ఇవ్వలేదు. సైకిళ్లు పెట్టే మూల ఇచ్చారు. కౌన్సిల్ వాళ్లు ఇంకో తలుపులోంచి లోపలికి వెళ్లిపోయారు. మమ్మల్ని చూసినవాళ్లు తక్కువ. బేకరీ ఆయన అనుమానానికి మళ్లీ ప్రాణం వచ్చింది. కనపడకుండా మూలన పెట్టించింది ఆమేనని, అదంతా రాత్‌హౌస్‌తో కూడబలుక్కున్న పనేనని అన్నాడు. ఆమె పోయాక కూడా ఆ మాట మీదే ఉన్నాడు. నేను అబద్ధం చెప్పను, ఆ సాయంత్రం నాకూ మనసులో ముల్లు కదిలింది. కానీ ఈసారి మెట్లు పూర్తిగా దిగి తలుపు కొట్టాను.

"మెట్ల ముందే అడిగాను," అంది ఆమె. "సైకిళ్ల దగ్గర ఇచ్చారు. వాళ్లకు మీ దండలంటే భయం."

"ముందుగా మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ బేకరీ ఆయన వద్దనేవాడు. అడిగితే చెప్పేదాన్ని. ఇవాళ్టిదాకా ఎవరూ అడగలేదు. మీరు మొదటివారు." కాఫీ పోసింది. అప్పుడే ఇంకో మాట చెప్పింది: "ఇది మీరూ చెయ్యొచ్చు. ఇక్కడ ఉండేవాళ్లెవరైనా పేరు రాయించుకోవచ్చు, జర్మన్ పాస్‌పోర్ట్ అక్కర్లేదు. నేను సన్న అక్షరాలతో సహా చదివాను."

నేను నవ్వి ఊరుకున్నాను. నా పేరు నేనే గట్టిగా పలకలేను.

ఆమె మాట నిజమో, బేకరీ ఆయన మాట నిజమో నిరూపించే సాక్ష్యం నా దగ్గర లేదు. నా దగ్గరున్నది ఒక్కటే. గురువారం వెంట గురువారం ఆమె గిన్నెను దించి, వంకర లేకుండా పట్టుకుంది. నా గరిటె ఎంగిలి కాకూడదని. ఆ చేతులు మమ్మల్ని అమ్ముకునే చేతులని నేను నమ్మను.

కౌన్సిల్ అప్పుడు ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. వీధిలో అందరూ మిఠాయిలు పంచుకున్నారు. ఆమె మాత్రం మా సున్నుండ కొరుకుతూ, "పక్కన పెట్టారంటే పారేశారని కాదు. ఏ మూలన పెట్టారో చూస్తూ ఉండండి," అంది. అలాగే అయింది. ఆమె డబ్బాలో వేలాడిన ఆ పత్రికను అక్క కొడుకును అడిగి తెచ్చుకున్నాను. ముందు పేజీలో కొత్త ఈతకొలను ఫోటో చాలా పెద్దది. అడుగున సన్న అక్షరాల్లో పార్సిల్ పన్ను మళ్లీ వచ్చింది.

బేకరీ వెనక గదిలో మళ్లీ కూడాం. మెట్ల ముందు నిలబడాలని అందరూ అన్నారు. పేరు ఎవరిది రాయించాలన్న దగ్గర అందరూ బల్ల వైపు చూశారు. బయటికొచ్చాక మా ఆయన, "మనకెందుకే, పర్మిట్ ఇప్పుడే వచ్చింది," అన్నాడు. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే సరేనన్నట్టు అని ఆయన అనుకుంటాడు.

అక్క కొడుకు ఆ నీలం క్యారియర్ నాకే ఇచ్చాడు. రేపు పొద్దున ఊరి భద్రత చూసే ఆ ఆఫీసులో నాకు టెర్మిన్ ఉంది, రమ్మని టైం ఇచ్చారు. దేవుడి ముందు దీపం పెట్టి, పాస్‌పోర్టు, పర్మిట్ ఆ క్యారియర్‌లోనే పెట్టుకుని వెళ్తాను. చోటు మెట్ల ముందే అడుగుతాను. ఆఫీసుకు ఎదురుగా బేకరీ కిటికీ ఉంది. నేను బయటికి రావడం ఎవరో ఒకరు చూస్తారు, సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. తెలియనివ్వండి. అనుమానం వచ్చినవాళ్లకు మా తలుపు ఏదో తెలుసు.

అప్పటిదాకా, అక్కలారా, ఈ కాగితాలు మీ దగ్గర దాచండి. మా ఆయనకు కూడా చూపించకండి.