కొసరు గవ్వలు

నిమ్మకాయ వాసన తగిలితే నాకిప్పటికీ టైపు మిషను గుర్తొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ మిషను గూడూరు నిమ్మకాయల మండీ నుంచి వచ్చింది. మండీ నడిపే సాయిబు గారికి మా ఊరి డాక్టరు గారంటే గౌరవం. అడగ్గానే మిషన్ని గోనెపట్టాలో చుట్టి బస్సు టాపు మీద వేయించారు. వాకాడులో దించుకుని, అక్కడి నుంచి ఎద్దుల బండిలో ఇసక దారిన తెచ్చేసరికి మీటల సందుల్లోకి ఇసక చేరింది గానీ ఆ వాసన మాత్రం వదల్లేదు. అక్షరం కొట్టినప్పుడల్లా సన్నగా పైకి లేచేది.

అవి అరవైలు మొదలైన కొత్త. నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న ఆ సముద్రపొడ్డు ఊళ్ళో బడిపంతులు. నేను గూడూరులో మేనత్త ఇంట్లో ఉండి టైపు పరీక్ష పాసయి వచ్చి, పనీ పాటా లేక, ముక్కు మీద కోపంతో ఇల్లంతా తిరుగుతున్నాను. అలాంటప్పుడు సర్కారు ఆసుపత్రి డాక్టరు గారు మా ఇంటికొచ్చారు.

"పంతులు గారూ, మద్రాసు వైద్య పత్రికకి ఒక వ్యాసం పంపాలి. మీ అమ్మాయి టైపు చేసిపెడుతుందా?"

నాన్న తల ఊపేలోపే నేను సరేనన్నాను. డాక్టరు గారికి బదిలీ ఆర్డరు వచ్చేసింది. నెల తిరిగేలోపల అల్లూరు వైపు వెళ్ళిపోవాలి. ఆసుపత్రి రిజిస్టర్లు ఇక్కడే ఉండిపోతాయి కాబట్టి, పంపితే ఈ నెలలోనే పంపాలి.

వ్యాసం జెల్ల ముల్లు గురించి. వలలోంచి జెల్ల చేపని విడదీసేటప్పుడు దాని రెక్క ముల్లు చేతిలో దిగిందంటే ఎంత మొనగాడైనా ఇసకలో పడి దొర్లాల్సిందే. చెయ్యి వాచి, చీము పట్టి, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు పక్క ఊళ్ళలో ఉన్నారు. మా ఊరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెంలో మాత్రం లేరు. ఎందుకంటే ఆ పాళెంలో అవ్వ ఉంది. ఆమె చేపలమ్ముకునే ముసలమ్మ. ముల్లు దిగిన చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళ కుండలో పెట్టించి, చల్లారినప్పుడల్లా నీళ్ళు మారుస్తూ, నొప్పి దిగేదాకా పక్కనే కూచునేది. అంతే ఆమె వైద్యం. డాక్టరు గారు వచ్చిన కొత్తలో అది చూసి నవ్వారట. తరవాత ఆయనే ఆసుపత్రిలో ఒక కుండ, ఒక పొయ్యి పెట్టించారు.

ఆ వేడినీళ్ళ సంగతి నాకూ తెలుసు. మేము ఆ ఊరు వచ్చిన ఏడాది, నా పన్నెండో ఏట, ఒడ్డున పడున్న జెల్లని చూపుడు వేలితో కదిపి చూశాను. చచ్చిన చేప ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆ తరవాత నాకు గుర్తున్నది నా అరుపొక్కటే. ఎవరో ఎత్తుకెళ్ళి అవ్వ ముందు కూచోబెట్టారు. పొగ, ఆవిరి, సరుగుడు తోపులో గాలి హోరు, వాటి మధ్య "ఇంగ రవ్వంతసేపు అమ్మణ్ణీ, ఇంగ రవ్వంతసేపు" అనే గొంతు. నిద్రపోయానో, స్పృహ తప్పానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి పొద్దు వాలింది, నా చెయ్యి ఆమె ఒళ్ళో ఉంది. ఆ వేలితోనే నేను టైపు నేర్చుకున్నాను. అందుకే అవ్వ సంగతి అచ్చులో చూడాలని డాక్టరు గారికంటే నాకే ఎక్కువ ఆశ.

మధ్యాహ్నాలు ఆసుపత్రి వరండాలో కూచుని టైపు చేసేదాన్ని. పత్రికవాళ్ళ నియమాలు బోలెడు. కాగితానికి ఒకవైపే కొట్టాలి. వరసకీ వరసకీ మధ్య జాగా వదలాలి. ఎడమ పక్క నాలుగు వేళ్ళంత ఖాళీ ఉంచాలి. మూడు ప్రతులు పంపాలి. మా నాన్న అది చూసి, "ఇంత తెల్ల కాగితం ఊరికే వదిలేస్తారా! బళ్ళో పిల్లలకి పరీక్ష కాగితాలకి సరిపోయేది" అని నిజంగానే బాధపడ్డారు. కార్బన్ కాగితాలు సముద్రపు చెమ్మకి మెత్తబడి వేళ్ళకి అంటుకునేవి. ఎండకి ఇసక మీద గాలి వణికేది. దూరంగా కాలువలో కట్టెల పడవలు పోతుంటే, నీళ్ళు కనపడక, తెరచాపలు పొలాల మీదుగా నడిచిపోతున్నట్టుండేవి. నేను ఒక వరస కొట్టి, ఒక అల విని, మళ్ళీ ఒక వరస కొట్టేదాన్ని. ఒక్కోసారి కొట్టిన మాటే మళ్ళీ కొట్టి నన్ను నేను తిట్టుకునేదాన్ని. అంత సుఖంగా మళ్ళీ ఏ పనీ చేయలేదు.

ఆసుపత్రి రాకముందు అవ్వ నయం చేసినవాళ్ళ లెక్క కూడా చేరిస్తేనే వ్యాసానికి బలం అన్నారు డాక్టరు గారు. అవ్వకి రాత రాదు. కానీ నయమైన ప్రతి చేతికీ ఒక గవ్వ దాచింది. పాత చీర పేలికల్లో నాలుగు మూటలు కట్టి ఉట్టి మీద పెట్టుకుంది. లెక్క చూసి రమ్మని నన్ను పంపారు. నేనొక తొందర మనిషిని. నాలుగు మూటలూ ఒక్కసారే చాప మీద గుమ్మరించి లెక్కపెట్టాను. ఎనభై నాలుగు.

తరవాత ఎవరెవరు, వయసెంత అని రాసుకోవడానికి అవ్వ వెంట పాళెం ఇల్లిల్లూ తిరిగాను. ఆమె ఒక్కో గుడిసె ముందు నిలబడి కళ్ళు మూసుకుని, "ఈడ ఇద్దురు, తండ్రీ కొడుకూ. కొడుక్కి అప్పుటికింకా మీసం రాలే" అని చెప్పేది. నేను రాసుకునేదాన్ని. అందర్నీ కూడితే ఎనభై.

"మిగతా నలుగురూ ఏమయ్యారమ్మా?" అన్నారు డాక్టరు గారు.

నేను మొదటి నుంచీ మళ్ళీ కూడాను. ఎనభయ్యే. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. "నయం కానివాళ్ళని చెప్పకుండా దాస్తున్నదేమో. ఒకటి రెండు ప్రాణాలు పోయినా పోయుండచ్చు. తేలని లెక్క వ్యాసంలో పెట్టకూడదు. రేపటికీ తేలకపోతే పాత సంగతంతా తీసేసి, ఆసుపత్రిలో నేను చూసినవాళ్ళతోనే పంపుదాం."

అంటే అవ్వ ఉండదు. ఆ వేడినీళ్ళు డాక్టరు గారివే అయిపోతాయి. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆయన్నేమీ అనలేక మిషను మీద చూపించాను. ఆ పూట చుక్క పెట్టిన చోటల్లా కాగితానికి చిల్లు పడింది.

సాయంత్రం అవ్వ దగ్గరికెళ్ళి, "నాలుగు గవ్వలు ఎక్కువున్నాయవ్వా. ఎవరికైనా నయం కాలేదా?" అని అడిగాను.

అడిగి ఉండకూడదు. ఆమె అల్లుతున్న వల ఆపింది. "నా కుండలో పెట్టిన చెయ్యి ఒగటి గూడా పోలే. నీక్కూడా నమ్మకం లేదా అమ్మణ్ణీ?" అంది. మళ్ళీ వల అందుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పట్లాగే చేపల గంపతో మా వాకిట్లోకి వచ్చింది. నాతో మాట్లాడలేదు. అమ్మ చేట పట్టుకుని కూచుంది. అవ్వ కానగంతలు ఒక్కొక్కటే చేటలోకి వేస్తూ ఇరవై లెక్కపెట్టింది. ఇరవై అయ్యాక, అమ్మ అడక్కుండానే, ఇంకో చేప తీసి పైన పడేసింది. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇరవైకి ఒకటి కొసరు. ఆ పూట మాత్రం ఆ చేప చేటలో పడిన చప్పుడు నా గుండెలో పడింది.

"అవ్వా! గవ్వలకి కూడా కొసరు వేశావా?"

ఆమె నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "యెయ్యకుండా ఎట్లా? మూటకి ఇరవై, పైన ఒగటి. లెక్కంటే అదే గదా."

నాలుగు మూటలు, నాలుగు గవ్వలు. నేను అన్నీ కలిపి గుమ్మరించకపోయుంటే ఆ రోజే తెలిసేది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరు గారు విని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, తలొంచుకున్నారు. అప్పుడే లేచి పాళెం వెళ్ళి, "తప్పు మాట అన్నానవ్వా" అని ఆమెతో చెప్పొచ్చారు. నేను పట్టిక కాగితం మళ్ళీ ఎక్కించి, కొసరు తీసేసి, ఎనభై అని కొట్టాను. నా అంత తెలివైనది జిల్లాలో లేదనిపించింది.

కవరు అంటించాక అమ్మ దాని నాలుగు మూలలా పసుపు రాసింది. "పత్రికవాళ్ళేమనుకుంటారమ్మా?" అని డాక్టరు గారు నసిగారు. "ఏమనుకుంటారు, శుభమనుకుంటారు" అంది అమ్మ. పసుపుతోనే పోస్టులో పడింది.

ఆయన వెళ్ళిపోయారు. మిషను గూడూరు వెళ్ళిపోయింది. ఎన్నో నెలలకి పోస్టులో ఆ పత్రిక వచ్చింది, డాక్టరు గారే పంపారు. వ్యాసం చివర, ఈ పద్ధతిని ముందుగా పాటించిన పాళెం వృద్ధురాలికి కృతజ్ఞతలు అని ఇంగ్లీషులో రెండు వరసలు. నేను ఆ పేజీలో వేలు పెట్టుకుని అవ్వ దగ్గరికెళ్ళాను. ఆమె గుడిసె ముందు ఇసకలో కూచుని ఉంది. చదివి తెలుగులో చెప్పాను. ఆమె పట్టిక మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"ఇందులో ఎంతమందుండారు?"

"ఎనభై."

"కొసరో?"

"తీసేశానవ్వా. అవి నిజం మనుషులు కాదు గదా."

ఆమె ఆశ్చర్యంగా తలెత్తింది. "మరి నువ్వో?"

నాకర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. "పాళెపోళ్ళకి మనిషికొక గవ్వ యేస్తా. పైవోళ్ళు ఎప్పుడొస్తారో, ఎంతమందొస్తారో ఎవురికి తెలుసు? వాళ్ళ కోసమే కొసరు ముందే యేసిపెడతా. రెండో మూటలో కొసరు నువ్వే. మూడోదాంట్లోది కాలవ పడవోడు. కడమ రెండింటికీ ఇంకా ఎవురూ రాలే."

పాళెం ఇళ్ళన్నీ తిరిగాను. మా ఇల్లు పాళెంలో లేదు. నా చెయ్యి సంగతి చెప్పాలని నాకే తట్టలేదు. అవ్వ నిలబెట్టిన ఆ వేలితోనే నన్ను లెక్కలోంచి తీసేసి కొట్టాను. సముద్రం ముందు కూచుని ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె లోపలికెళ్ళి మూటలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏ గవ్వ అవ్వా నాది?"

"నువ్వే గదా అన్నీ కలిపి గుమ్మరిచ్చినావు" అని నవ్వింది. "ఇంగ ఏదైనా నువ్వే అమ్మణ్ణీ."